ఉడుకునీళ్ళ డొప్ప

"జుంటమ్మా! ఓ జుంటమ్మా, లేచావా లేదా?"

గుహ ముందు నిలబడి పిలుస్తున్నది అడవికోడి జుట్టయ్య. పొద్దింకా కొండ వెనకే ఉంది. గడ్డిపరకల మీద మంచు, సన్నగా నూరిన ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుని ఉంది. గుహ పక్కనే ఉడుకుమడుగు. భూమి లోపల ఎవరో పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోయినట్టు, ఆ మడుగులో నీళ్ళు ఏడాది పొడుగునా వేడిగానే ఉంటాయి. పైకి లేచిన ఆవిరి మెల్లగా గుహలోకి వెళ్ళి, లోపల పడుకున్న రెండు ఎలుగుపిల్లల మీద దుప్పటిలా పరుచుకుంటుంది.

ఎలుగుబంటి జుంటమ్మ తల బయటపెట్టింది.

"నువ్వరిచిన అరుపుకి లేవకుండా ఎవరుంటారు? పిల్లలు ఇప్పుడే కళ్ళు మూశారు. ఇంకోసారి అరిచావంటే ఆ జుట్టు పీకి చేతిలో పెడతాను."

"నన్నంటే ఏమొస్తుందమ్మా. కబురు మోసేవాణ్ణి. ఇదివరకైతే నక్క పైడయ్య ఒక్క కూత వేస్తే అడవంతా వచ్చి చేరేది. రెండేళ్ళుగా వాడికి గొంతు బాగాలేదంట. ఇల్లిల్లూ తిరగలేక నా కాళ్ళు పడిపోతున్నాయి." జుట్టయ్య ఒక కాలు పైకెత్తి ఈకల్లో దాచుకున్నాడు. మంచు మీద నిలబడలేకపోతున్నాడు పాపం. "ముళ్ళవ్వ రమ్మంది. అందరూ పలకబండ దగ్గరున్నారు."

"ఏమైంది?"

"చలితేనె పోయింది."

జుంటమ్మ గుహలోంచి పూర్తిగా బయటికి వచ్చింది. ఆ అడవిలో ఒక పద్ధతి ఉంది. చలి ముదరకముందే అందరూ కలిసి ఒక తేనెపట్టు సంపాదించి, అడ్డాకుల్లో చుట్టి, పలకబండ కింది సందులో దాస్తారు. మంచు కురిసే రోజుల్లో ఎవరికి దగ్గొచ్చినా, రొమ్ము పట్టేసినా, వాళ్ళకి దాంట్లోంచి నాలుగు చుక్కలు. జబ్బు లేనివాళ్ళు దాన్ని వాసన కూడా చూడకూడదు. ఈ ఏడు ఆ పట్టు దింపింది జుంటమ్మే. నిలువు చరియ ఎక్కి, ముక్కంతా తేనెటీగల చేత కుట్టించుకుని దింపింది.

"దింపినదాన్ని నేనే కదా," అంది జుంటమ్మ.

"అందుకే నిన్ను తప్పకుండా తీసుకురమ్మన్నారు," అని జుట్టయ్య పక్కకి చూశాడు.

పలకబండ పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఏనుగు పడుకున్నా సరిపోయేంత వెడల్పు, పలకలా చదును. ఆ ఉదయం దాని మీద కూడా మంచు తెల్లగా పరుచుకుని ఉంది. ఒక పక్క అడవిదున్న దొడ్డయ్య నిలబడ్డాడు. అతను కదిలితే చోటు కదిలినట్టుంటుంది, మాటా అంతే నిదానం. ఇంకో పక్క ముళ్ళపంది ముళ్ళవ్వ ముడుచుకుని దగ్గుతోంది. కొంచెం ఎత్తు మీద, తోకని కాళ్ళ చుట్టూ అందంగా చుట్టుకుని, పైడయ్య కూర్చున్నాడు.

"మొన్నటిదాకా ఉంది," అన్నాడు దొడ్డయ్య. "నిన్న అవ్వకి దగ్గొచ్చిందని చూస్తే ఆకు ఒక్కటే మిగిలింది."

"ఆకు మీద గోళ్ళ గీతలున్నాయి," అన్నాడు పైడయ్య మెత్తగా. "ఈ అడవిలో అందరికీ గోళ్ళు లేవు. నేను ఎవరి పేరూ చెప్పడం లేదు జుంటమ్మ గారూ."

"పేరు చెప్పకుండా నన్నే చూస్తున్నావు గదరా."

"కళ్ళన్నాక ఎటో ఒకవైపు ఉండాలి కదండీ."

"నీకు లేవా గోళ్ళు?"

"ఉన్నాయండీ. తేనె నాకు పడదు. నాలుక దురద. అది కూడా అందరికీ తెలుసు."

జుంటమ్మ ముందు కాలితో నేలని ఒక్కటి చరిచింది. రెండు రాళ్ళు దొర్లుకుంటూ వాగులో పడ్డాయి. "ఒరే పైడయ్యా, సూటిగా అనరా. నేను తిన్నానని నోరు తెరిచి అను. ఆ తరవాత నీ తోక ఏ చెట్టుకి వేలాడుతుందో నేను చూపిస్తాను."

ఆమె కోపం అడవికంతా తెలుసు. వానాకాలపు వాగులాంటిది. పొంగినప్పుడు గట్టు కనపడదు, పూట గడిస్తే అడుగున గులకరాళ్ళు కూడా కనపడతాయి. ఆ పూట గడిచేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు, అదే చిక్కు.

"ఏమీ తియ్యనిదానివి ఇంత కోపం ఎందుకమ్మా?" అన్నాడు దొడ్డయ్య. అతను మనసులో చెడు పెట్టుకుని అనలేదు. అందుకే ఆ మాట అందరికీ బాగా ఎక్కింది.

"నా మాటా వద్దు, ఆవిడ మాటా వద్దు," అన్నాడు పైడయ్య. "మంచుతీర్పు పెట్టండి. అన్నది నేనే కనక ఎదురుగా నేనే నిలబడతాను."

సాక్ష్యం లేని గొడవకి ఆ అడవిలో ఉన్న దారి అదొక్కటే. ఇద్దరూ ఎవరి గుమ్మంలో నీళ్ళు వాళ్ళు అడ్డాకు డొప్పలో తేవాలి. తొలి కూతకి పలకబండ మీద పెట్టాలి. పొద్దు బండని తాకేలోపు ఎవరి డొప్పలో నీళ్ళు ముందు గడ్డకడితే వాళ్ళది నిజం. నిజం చెప్పినవాళ్ళ మనసు చల్లగా ఉంటుందనీ, ఆ చల్లదనం నీళ్ళకి తెలుస్తుందనీ వాళ్ళ నమ్మకం. ఓడినవాళ్ళు మళ్ళీ ఇప్పపూలు రాలేదాకా గట్టు అవతలి లోయలో ఉండాలి. అక్కడ గుహలు లేవు. గాలి ఒక్కటే ఉంటుంది.

ముళ్ళవ్వ దగ్గు ఆపుకుని తలెత్తింది. "దాని గుమ్మంలో ఉన్నవి ఉడుకునీళ్ళు కదరా."

"ఆచారం నేను పెట్టానా అవ్వా? ఎవరి గుమ్మం నీళ్ళు వాళ్ళవి. పెద్దలు పెట్టారు."

"ఆమెని కూడా నీలాగే వాగు నీళ్ళే తెచ్చుకోనిద్దాం," అన్నాడు దొడ్డయ్య.

పైడయ్య జుంటమ్మ వైపు చూసి చిన్నగా నవ్వాడు. "అలాగే చేద్దాం. ఆవిడకి భయమేస్తుంటే మనం దయ చూపించాలి కదా."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"ఎవడి దయరా నాకు? ఉడుకునీళ్ళే తెస్తాను. ఇంకా కాగితే కాచి మరీ తెస్తాను, పో," అనేసింది జుంటమ్మ.

అన్నాక ఇక తీసుకోవడానికి లేదు.

ఆ సాయంత్రానికి ఆమె కోపం దిగిపోయింది. దిగినచోట భయం వచ్చి కూర్చుంది. ముళ్ళవ్వ పొద దగ్గరికి వెళ్ళింది. ముళ్ళవ్వ తన వీపు మీంచి రాలిన ముల్లు ఒకటి తీసుకుని, రేపటి తీర్పుకి అడ్డాకులు కలిపి డొప్పలు కుడుతోంది. అడవిలో డొప్ప కుట్టేది ఆమె ఒక్కతే. అందుకే తీర్పు చెప్పే పని కూడా ఆమెకే వచ్చింది.

"అవ్వా, తొందరపడ్డానా?"

"పడ్డావు. నీకేమైనా కొత్తా?"

"పిల్లలకి ఇంకా బొచ్చు సరిగా రాలేదు అవ్వా. గట్టు అవతల ఒక్క రాత్రి కూడా ఆగరు."

ముళ్ళవ్వ ముల్లు ఆకులోకి దింపి, బయటికి లాగి, ఆకుని పొద్దువెలుగుకి ఎత్తి చూసింది. "తేనె నువ్వు తీశావా?"

"లేదు."

"తీసి ఉంటే ఇంత అరవవులే. ఎక్కడో కూర్చుని నవ్వుతుంటావు," అంది ముసలమ్మ. "వెళ్ళి పిల్లల్ని కప్పుకుని పడుకో."

మరునాడు జుట్టయ్య తొలి కూత కూశాడు. ఆకాశం అప్పుడే కడిగిన సీసాలా ఉంది. నక్షత్రాలు చలికి దగ్గర దగ్గరగా జరిగినట్టున్నాయి. జుంటమ్మ రెండు చేతుల మధ్య డొప్ప పట్టుకుని, నీళ్ళు ఒలకకుండా మెల్లగా ఊపిరి తీస్తూ నడిచి వచ్చింది. డొప్పలోంచి పొగలు. వెనక పిల్లలిద్దరూ ఒకరినొకరు ఒరుసుకుంటూ వచ్చారు. పైడయ్య తన వాగు నీళ్ళ డొప్పని అంచు కరిచి తెచ్చాడు. ఆ నీళ్ళు ఎంత చల్లనివంటే అతని పళ్ళు జివ్వుమన్నాయి. అయినా అతనికి సంతోషంగానే ఉంది.

రెండు డొప్పలూ పక్కపక్కనే బండ మీది మంచులో పెట్టారు.

"చూడండి, ఒకటి అప్పుడే నిద్రపోతోంది. ఇంకోటి పొయ్యి మీద ఉన్నట్టుంది," అన్నాడు పైడయ్య. కొందరు నవ్వారు. జుంటమ్మ పళ్ళు బిగించి కూర్చుంది.

చాలాసేపు ఏమీ జరగలేదు. తూర్పున ముందు బూడిదరంగు, తరవాత పావురం మెడలాంటి రంగు వచ్చింది. కొండ అంచున ఎరుపు కనపడగానే ముళ్ళవ్వ లేచి ముల్లు తీసింది. ముందు పైడయ్య డొప్పలో దింపింది. ముల్లు సుబ్బరంగా అడుగుదాకా దిగింది. పైన ఈగ రెక్కంత పలచని పొర ఒకటి పగిలిందంతే.

తరవాత జుంటమ్మ డొప్పలో దింపింది. టక్కుమంది.

ముళ్ళవ్వ మళ్ళీ కొట్టింది. మళ్ళీ టక్కుమంది. డొప్పని బోర్లిస్తే నీళ్ళు రాలేదు. తెల్లటి గడ్డ డొప్పనే పట్టుకుని వేలాడింది.

పిల్ల ఎలుగుల్లో చిన్నది ముందుకొచ్చి ఆ గడ్డని నాకి చూసి, నాలుక చల్లబడి తల్లి వెనక్కి పారిపోయింది.

"ఇది మాయ," అన్నాడు పైడయ్య. మొదటిసారి అతని గొంతులో మెత్తదనం జారింది. "ఉడుకునీళ్ళు ముందు గడ్డకట్టడం ఏ కాలంలో ఉంది? దారిలో మంచుగడ్డ వేసి తెచ్చింది."

"పొగలు వస్తుంటే నువ్వే కదరా నవ్వావు?" అన్నాడు జుట్టయ్య.

"నాకూ ఇది మింగుడు పడటం లేదు," అని దొడ్డయ్య తల అడ్డంగా ఊపాడు. "నా వయసులో ఇలాంటిది చూడలేదు."

"మింగుడు పడకపోతే మళ్ళీ పెట్టండి," అంది జుంటమ్మ. "రేపు పెట్టండి, ఎల్లుండి పెట్టండి. పదిసార్లు పెట్టండి." గెలిచిన తీర్పుని ఆమె తనే అలా చేజార్చుకుంది.

ముళ్ళవ్వ వీళ్ళ మాటలు వినడం లేదు. రెండు డొప్పలనీ పక్కకి తీసి, అవి ఉన్నచోట బండని చూస్తోంది. పైడయ్య డొప్ప ఉన్నచోట మంచు అలాగే తెల్లగా ఉంది. జుంటమ్మ డొప్ప కింద మంచు లేదు. నల్లటి గుండ్రటి మచ్చ, అద్దంలా మెరుస్తోంది. ముసలమ్మ దాన్ని మూతితో తాకి చూసి, చాలాసేపు కళ్ళు మూసుకుంది.

"రేపు నీళ్ళు మార్చుకోండి," అంది కళ్ళు తెరిచి. "ఉడుకునీళ్ళు పైడయ్య తెస్తాడు. వాగు నీళ్ళు జుంటమ్మ తెస్తుంది. మాయ అంటున్నావు కదా, ఉడుకునీళ్ళు నీకు వద్దేమో?"

పైడయ్య కళ్ళు ఒక్క క్షణం చిన్నవయ్యాయి. మాయో మర్మమో, గెలిచిన నీళ్ళు ఏవో అతను కళ్ళారా చూశాడు.

"అవ్వ మాట ఎప్పుడైనా కాదన్నానా?" అన్నాడు వినయంగా. "తెస్తాను."

ముళ్ళవ్వ దగ్గింది. ఆ దగ్గులో కొంచెం నవ్వు కలిసిందని నాకనిపిస్తుంది.

మూడోనాటి తెల్లవారుజామున పైడయ్య ఉడుకునీళ్ళ డొప్ప కరుచుకుని వచ్చాడు. ఆవిరి ముక్కుకి తగిలి కళ్ళవెంట నీళ్ళు. తుమ్మితే నీళ్ళు ఒలికిపోతాయి. తుమ్మకపోతే ప్రాణం పోయేట్టుంది. జుట్టయ్య వెనకే నడుస్తూ, "తుమ్మేసెయ్ అన్నా, ఎవరూ చూడటం లేదు," అని చెవి దగ్గర అంటున్నాడు. బండ ఎక్కేటప్పుడు కాలు జారి వాగులో కూడా పడ్డాడు, మోకాళ్ళదాకా. డొప్ప మాత్రం వదల్లేదు.

పెట్టారు. చూశారు. తూర్పు ఎర్రబడింది. ముళ్ళవ్వ ముల్లు తీసింది.

జుంటమ్మ తెచ్చిన వాగు నీళ్ళలో ముల్లు అడుగుదాకా దిగింది. పైడయ్య తెచ్చిన ఉడుకునీళ్ళ డొప్పలో టక్కుమంది.

"చూశారా," అన్నాడు పైడయ్య. తడిసిన కాళ్ళు వణుకుతున్నా గొంతు నిండుగా ఉంది. "మంచు నా పక్కన ఉంది. ఇక చెప్పండి అవ్వా, ఎవరు గట్టు దాటాలో."

జుంటమ్మకి నిలువునా మంట లేచింది. "దొంగముఖం వెధవా, నోట్లో తేనె, కడుపులో..." అంటూ మీదికి రాబోయింది. దొడ్డయ్య అడ్డంగా కదిలాడు. దొడ్డయ్య అడ్డం ఉంటే ఇక ఎవరూ ఎటూ పోలేరు.

"ఆగండి," అంది ముళ్ళవ్వ. "నిన్న మంచు ఎవరిది నిజమంది?"

"జుంటమ్మది," అన్నాడు దొడ్డయ్య.

"ఇవాళ?"

"పైడయ్యది."

"ఇద్దరిదీ నిజమైతే తేనె ఎవరు తీశారు, నేనా? రెండు రోజులూ గెలిచింది నువ్వూ కాదురా పైడయ్యా, జుంటమ్మా కాదు. ఉడుకునీళ్ళు గెలిచాయి. ఇలా రండి, దగ్గరికొచ్చి చూడండి."

అందరూ బండ చుట్టూ మూగారు. ముళ్ళవ్వ ముల్లుతో చూపించింది.

"నా బుర్రకి అందినంత చెబుతాను. బండ రాత్రంతా చలి తాగి కూర్చుంది. దాని మీద మంచు పరుపులా ఉంది. చల్లనీళ్ళ డొప్ప వచ్చి ఆ పరుపు మీద మెత్తగా పడుకుంది. బండని తాకనే లేదు. ఉడుకునీళ్ళ డొప్ప పరుపుని కరిగించుకుని నేరుగా బండని పట్టుకుంది. దానిలో ఉన్న వేడంతా బండ లాగేసుకుంది."

"మంచు కూడా చల్లనిదే కదా అవ్వా? పరుపు ఎలా అవుతుంది?" అన్నాడు జుట్టయ్య.

"నీ ఈకలు పట్టుకుని చూస్తే మంచులా ఉన్నాయి. లోపల నువ్వు వెచ్చగా లేవూ? మంచు మధ్యలోనూ గాలి చిక్కుకుని ఉంటుంది. చలిని లోపలికి రానివ్వదు, వేడిని బయటికి పోనివ్వదు." ముళ్ళవ్వ ఊపిరి తీసుకుంది. "ఇంకోటి చూడండి. ఉడుకునీళ్ళ డొప్పలో గడ్డ అంచుకంటే కిందికి దిగి ఉంది. కొన్ని నీళ్ళు ఆవిరిగా ఎగిరిపోయాయి. పోతూ పోతూ వేడిని కూడా తీసుకుపోయాయి. ఇంకా ఏమైనా ఉందేమో, నాకు తెలీదు. బండ మీద మంచు లేని రోజున ఏమయ్యేదో అదీ తెలీదు. ప్రతిసారీ ఇలాగే అవుతుందని చెప్పను. ఒక్కటి మాత్రం తెలిసింది. మంచుకి తేనె సంగతి తెలీదు. ఇన్నేళ్ళూ మనం నీళ్ళని నిజం అడిగాం, అవి నీళ్ళ సంగతే చెప్పాయి."

దొడ్డయ్య నెమ్మదిగా అడిగాడు. "మా తాతని గట్టు దాటించిన తీర్పు కూడా అవ్వా?"

ముళ్ళవ్వ అతని కళ్ళలోకి చూడలేక డొప్పల వైపు చూసింది. "ఆ డొప్పలు కుట్టింది మా అమ్మ," అంది. "ఇక ఈ బండ మీద నేను డొప్ప పెట్టను."

"మరి తేనె?"

"తీసినవాళ్ళకి తెలుసు. వాళ్ళే చెప్పాలి."

ఎవరూ చెప్పలేదు. పైడయ్య తోకని కాళ్ళ చుట్టూ ఇంకొంచెం దగ్గరగా చుట్టుకున్నాడు. తీర్పే లేకపోతే అతనికి ఓటమీ లేదు. తప్పించుకున్నట్టే. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. దుప్పులు జుంటమ్మ పక్కనుంచి పోయే దారి వదిలి, ముళ్ళు ఉన్న దారినే పోయాయి. దొడ్డయ్య ఆగి, "వెళ్ళమని నేననను," అన్నాడు. "కానీ అవ్వ దగ్గినప్పుడల్లా అందరూ నీ గుహవైపే చూస్తారు. దానికి నేనేం చెయ్యగలను?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు అన్నా," అంది జుంటమ్మ. "అలా చూసే కళ్ళ మధ్య పిల్లల్ని పెంచలేను. రేపు పొద్దున్నే గట్టు దాటుతాను. పిల్లల్ని కడుపులో పెట్టుకుని పడుకుంటాను, చూద్దాం."

అందరూ వెళ్ళారు. పైడయ్య ఒక్కడే బండ పక్కన మిగిలాడు. కాళ్ళ మీద తడి గడ్డకట్టి, నడవబోతే అడుగు పడటం లేదు. పొద్దు పైకొచ్చింది గానీ దానిలో వేడి లేదు.

జుంటమ్మ పిల్లల్ని తీసుకుని గుహ దాకా పోయి వెనక్కి తిరిగింది. ఇందాకటి మంట ఆమె ముఖంలో లేదు. ఉన్న ఆనవాలు కూడా లేదు.

"ఒరే, రా ఇలా. వచ్చి మడుగు పక్కన కూర్చో. చలికి చచ్చావంటే ఆ నింద కూడా నా మీదే పడుతుంది."

"వద్దండీ. నేను బాగానే..."

"పళ్ళు కొట్టుకుంటుంటే ఆ అబద్ధం కూడా సరిగ్గా రావడం లేదు. రా."

అతను వెళ్ళాడు. ఉడుకుమడుగు అంచున కాళ్ళు పెట్టగానే మంచు కరిగి, నొప్పి మొదలై, నొప్పి తగ్గి, హాయి వచ్చింది. ఎలుగుపిల్లలు ఇద్దరూ దూరంనుంచి కాసేపు చూశారు. తరవాత ఒకటి వచ్చి అతని తోక మీద కూర్చుంది. పైడయ్య తోక లాక్కోలేదు.

జుంటమ్మ గుహలోంచి ఎండుటాకుల పక్క బయటికి ఈడ్చి ఒక మూట కడుతోంది. కడుతూ మామూలుగా అడిగింది.

"అవునురా, కూత ఎందుకు మానేశావు?"

పైడయ్య నీళ్ళవైపు చూశాడు.

"వీళ్ళు పుట్టాక ఒక్కసారి కూడా వినలేదు. నేనే చెబుతుంటాను. ఒక నక్క ఉండేవాడు, పొద్దు గుంకేటప్పుడు వాడు కూత మొదలుపెడితే, నేను సగం ఎక్కిన చెట్టు మీద అలాగే ఆగిపోయి వినేదాన్ని అని. నిద్రపోయే ముందు అడుగుతారు, ఆ నక్క ఏడి అని."

"ఆ రోజు మీరన్నది గుర్తులేదా?"

"ఏ రోజు?"

"రెండేళ్ళ కింద. తొలకరి పడిన రోజు. అందరూ పలకబండ దగ్గరున్నారు. నేను కూస్తున్నాను. మీరు వచ్చి, నోరు ముయ్యరా, సొరబుర్రలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుంది అన్నారు. అందరూ నవ్వారు. నెలరోజులు నన్ను సొరబుర్ర అని పిలిచారు."

జుంటమ్మ మూట వదిలేసి కూర్చుంది. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. నుదురు ముడతలు పడింది.

"అన్నానా?"

"అన్నారు."

"ఎందుకన్నానురా?"

"ఏమో. ఆ సాయంత్రమే నాకు పీతలు తెచ్చిపెట్టారు."

"పీతలు గుర్తున్నాయి. నువ్వు తినలేదు. కడుపు బాగాలేదేమో అనుకున్నాను." ఆమె గొంతు తగ్గింది. "అప్పటినుంచేనా నన్ను గారు అంటున్నావు? అంతకుముందు అక్కా అనేవాడివి. పెద్దవాడివయ్యావు, మర్యాద నేర్చావు అనుకున్నాను రా."

తోక మీద కూర్చున్న పిల్ల అప్పటికే నిద్రపోయింది. పైడయ్య అది లేవకుండా, తోకని దాని కిందనుంచి మెల్లగా తీసుకున్నాడు. లేచి పలకబండ వైపు నడిచాడు.

బండ మీద రెండు గుర్తులు ఇంకా ఉన్నాయి. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా. అతను ఆ రెండింటి మధ్య నిలబడి తలపైకెత్తాడు. మొదట గొంతు రాలేదు. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది. నిజంగానే సొరబుర్రలో గులకరాళ్ళలాగే ఉంది. అతను ఆగలేదు. రెండోసారికి గొంతు దారి వెతుక్కుంది. మూడోసారి కూత లేచి, కొండని తాకి, లోయలోకి దిగి, వాగు వెంట సాగింది. చివర కొంచెం వణికింది. ఆ వణుకు కూడా బాగుంది.

రెండేళ్ళ తరవాత ఆ పిలుపు విని అడవంతా కదిలింది. జుట్టయ్య ఎగురుకుంటూ వచ్చాడు. దుప్పులు వచ్చాయి. దొడ్డయ్య వచ్చాడు. అందరికంటే వెనక, దగ్గుకుంటూ ముళ్ళవ్వ వచ్చింది. జుంటమ్మ పిల్లల్ని ఎత్తుకుని గుహ దగ్గరే నిలబడింది. గుహ అక్కడికి దగ్గరే, మాట వినిపిస్తుంది.

"ఏంట్రా, మళ్ళీ ఏమైంది?" అన్నాడు దొడ్డయ్య.

పైడయ్య తోకని కాళ్ళ చుట్టూ చుట్టుకోలేదు. అది బండ మీద వేలాడుతూ ఉంది. అతను ముళ్ళవ్వని చూశాడు, అందరినీ చూశాడు, చివరికి గుహవైపు తిరిగాడు.

"తేనె తీసింది నేను. తిననైనా లేదు. వాగు ఒడ్డున పాతిపెడితే చీమలు పట్టుకుపోయాయి. నీ మీద పడాలనే తీశాను, ఆకు మీద గోళ్ళతో గీసింది కూడా నేనే. నువ్వన్న మాట నువ్వు ఆ పూటే మరిచిపోయావు. నేను మంచు పరుపు మీద డొప్పలా దాన్ని రెండేళ్ళు దాచుకున్నాను. వేడెక్కినదానివి ముందే చల్లారిపోయావు అక్కా, చల్లగా కూర్చున్నవాణ్ణి నేనే ఇవాళ్టిదాకా చల్లారలేదు."